చప్టా దగ్గర పచ్చలైటు

నేను పుట్టుకతోనే భయస్తుణ్ణి. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చి చూసుకునే రకం. మా వదినకు ఇది పెద్ద వినోదం. "మా మరిది తాళం ఏస్తడు, గుంజి చూస్తడు, పది అడుగులు పోయి మళ్లొచ్చి ఇంకోసారి గుంజుతడు. ఇసొంటోనికి పిల్లనెవరిస్తరు?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ముప్పై ఆరేళ్ళొచ్చినా నాకు పెళ్ళి కాకపోవడానికి ఆమె లెక్కలో కారణం ఆ తాళమే. అంతటి భయస్తుణ్ణి, రెండుసార్లు చూసుకోవలసిన చోట ఒక్కసారి కూడా సరిగ్గా చూసుకోలేదు. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

జూలూరుపాడు దాటాక రోడ్డు అడవిలోకి మళ్ళే వైపు మా ఊరు. అన్న పత్తి, మిర్చి వేస్తాడు. వదిన ఏఎన్ఎం. ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ. వాగు అవతల ఉన్న మూడు కోయ గుంపులు, అంటే చిన్న గూడేలు, ఆమె కిందికి వస్తాయి. టీకాలు, బీపీ గోళీలు, కడుపుతో ఉన్నవాళ్ళ బాగోగులు అన్నీ ఆమే చూసుకోవాలి. నేను హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. మేడ మీద గది, ఇన్వర్టరు, రెండు సిమ్ములు, బల్ల నిండా సర్క్యూట్ బోర్డులు. యంత్రంలోని పరికరానికీ మిగతా ప్రోగ్రాములకూ నడుమ మాట అందించే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. నేను రాసేది అవే.

మా కంపెనీ వాగుల మీద నీటిమట్టం కొలిచే పెట్టెలు చేస్తుంది. మా వాగు మీద ఉన్నది వంతెన కాదు, చప్టా. అంటే వాగుకు అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన సిమెంటు దారి. వరదొస్తే నీళ్ళు దాని మీదుగానే పోతాయి. మా వైపు ఒడ్డున ఇనుప స్తంభం, దానికి ఒక పెట్టె, పైన సోలార్ పలక, నీళ్ళవైపు తల వంచుకున్న సెన్సర్, రెండు ఒడ్లకూ కనబడే పెద్ద లైటు. పచ్చగా ఉంటే దాటొచ్చు, ఎర్రగా ఉంటే ఆగాలి. పోయిన ఏడాది మా టీమ్ లీడ్‌ను బతిమాలి బతిమాలి దాన్ని ఇక్కడ పెట్టించింది నేనే.

గుంపుల వాళ్ళు మొదట దాన్ని ఖాతరు చేయలేదు. వాళ్ళు నీళ్ళ రంగు చూస్తారు. కొట్టుకొచ్చే ఆకు పచ్చిదా ఎండుదా అని చూస్తారు. నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చి, బీడీ కాలే దాకా కూర్చుని, పుల్ల మునిగిందా తేలిందా చూసి అప్పుడు లేస్తారు. వాళ్ళతో వాదించి లైటును ఒప్పించింది వదినే. "మా మరిది చేసింది. తాళం నాలుగుసార్లు గుంజి చూసేటోడు చేసిన లైటు. అది పచ్చగున్నదంటే కండ్లు మూసుకొని దాటుడే" అని ప్రతి ఇంటి ముందరా చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగానే ఉండింది. భయం కూడా వేసింది కానీ, నాకు భయం వేయని సంగతేముంది గనక అని దాన్ని పట్టించుకోలేదు.

ఈ వానాకాలం మొదట్లో పెట్టెల్లోని ఆపరేటింగ్ సిస్టం మార్చవలసి వచ్చింది. నీటిమట్టం సెన్సర్‌కి ఉన్న పాత డ్రైవర్‌ను కొత్తదానికి కుదిరేలా తిరగరాసే పని నాకు పడింది. పాతది రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్ళి చాలాకాలమైంది. మంచి పనివాడు, కానీ ఏ లైను ఎందుకు రాశాడో పక్కన ఒక్క ముక్క వివరణ రాసే అలవాటు లేదు. ఆయన్ని తిట్టుకుంటూ పని మొదలుపెట్టాను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. సెన్సర్ తాను కొలిచిన అంకెను బోర్డు మెమరీలో ఒక చోట తనే నేరుగా రాస్తుంది. ఆ చోటికి దారి వేసి పెట్టడం డ్రైవర్ పని. దాన్ని మెమరీ మ్యాపింగ్ అంటాం. చిక్కల్లా ప్రాసెసర్‌తోనే. అది ఒకసారి చదివిన అంకెకు తన దగ్గర నకలు ఉంచుకుంటుంది. మళ్ళీ అడిగితే లేచి వెళ్ళి చూడదు, ఆ నకలే చదివి చెబుతుంది. అన్నం ఉడికిందా అని అడిగితే మూత తీయకుండానే ఇందాకటి మాట చెప్పేవాళ్ళు మన ఇళ్ళలో ఉంటారే, అచ్చం అలాగే. అందుకని ఇలాంటి చోట్లకు దారి వేసేటప్పుడు, దీనికి నకలు పెట్టుకోకు, ప్రతిసారీ వెళ్ళి చూడు అని ఒక లైను రాసిపెట్టాలి. పాత కోడ్‌లో ఆ లైను ఉంది. ఎందుకుందో రాసి లేదు. కొత్త పద్ధతిలో ఆ ఏర్పాటు దానంతటదే జరుగుతుందిలే అనుకుని తీసేశాను. చెత్త ఊడ్చేసిన తృప్తి కూడా కలిగింది.

సరిగ్గా పనిచేస్తున్నది కొత్త మార్పుతో చెడిపోతే మా భాషలో రిగ్రెషన్ అంటారు. మన పెద్దవాళ్ళు అంతకంటే బాగా చెప్పారు: కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని.

బల్ల మీద రెండు రోజులు పరీక్షించాను. బకెట్లో నీళ్ళు పోశాను, తీశాను, అంకె బుద్ధిగా కదిలింది. నా మార్పును తనిఖీ చేయవలసిన తోటి ఇంజినీరు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. లీడ్ ఫోన్ చేసి, "మొదలు ఒక్క పెట్టెల ఏసి చూద్దాం, ఏది?" అని అడిగింది. ఆమె కరీంనగర్ మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, పనిలో నాకంటే పెద్ద. "మా వాగు మీదిది. ఏమన్న అయితే నేనే పోయి చూస్త" అన్నాను. కొత్త మందును ఊళ్ళోవాళ్ళ మీద కాక తన పెళ్ళాం పిల్లల మీదే మొదట వాడి చూసే ఆర్ఎంపీ డాక్టరు తెలివి నాది. సోమవారం నెట్‌వర్క్ మీదనే కొత్త సిస్టం, దానితో కొత్త డ్రైవర్ పంపాను. మూడు రోజులు ఏమీ కాలేదు. వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు, ఏమవుతుంది?

గురువారం పొద్దున వదిన ఎనిమిదింటికే బయల్దేరింది. దూరపు గుంపులో ఒకామెకు నెలలు నిండాయి. తొలి కాన్పు, ఒంట్లో రక్తం తక్కువ. వాగు పొంగితే రెండు మూడు రోజులు దారి ఉండదు కాబట్టి, మా దిక్కు వానాకాలంలో అలాంటివాళ్ళను ముందే పెద్ద దవాఖానాకు తరలిస్తారు. ఊళ్ళోని ఆటో ఆయన్ని మాట్లాడుకుని, ఆమెను తీసుకురావడానికి వెళ్ళింది. గేటు దగ్గర నన్ను చూసి, "వానొస్తదా మరిదీ? నీ కంప్యూటర్ ఏమంటున్నది?" అని అడిగింది. "ఇక్కడ తుంపరే వదినా. పోయిరా" అన్నాను. ఇక్కడ తుంపరే, నిజమే. పైన గుట్టల మీద రాత్రంతా కుండపోత కురిసిందని నాకు తెలియదు.

పదిన్నరకు టీ తాగుతూ మామూలుగా వాగు గ్రాఫ్ తెరిచి చూశాను. అరవై రెండు సెంటీమీటర్లు. పచ్చ. పక్కకు జరపబోతూ ఆగాను. గీత తిన్నగా ఉంది. తొమ్మిదీ పది నుంచి, స్కేలు పెట్టి గీసినట్టు, అరవై రెండు మీదే ఉంది. వాగు నీళ్ళు ఎప్పుడూ అలా ఉండవు. గాలి తగిలినా, బర్రె దిగినా సెంటీమీటరు అటో ఇటో ఊగుతాయి. పోయిన ఏడాది గీతలు తీసి చూశాను. ఎక్కడా పది నిమిషాలు తిన్నగా లేదు. నా చేతిలో గ్లాసు ఎప్పుడు బల్ల మీద పెట్టానో గుర్తులేదు.

పెట్టెను రీస్టార్ట్ చేయమని ఆదేశం పంపాను. వెళ్ళింది అని చూపించింది కానీ జవాబు రాలేదు. మళ్ళీ పంపాను. ఆ చోట సిగ్నల్ ఎప్పుడూ దోబూచులాడుతుంది. వదిన ఫోను అందుబాటులో లేదని వచ్చింది, అంటే గుంపులోనే ఉందన్నమాట, అక్కడ ఏ ఫోనూ పలకదు. ఆటో ఆయనకు చేశాను, అదే పలుకు. లీడ్‌కి చేసి చెప్పాను. ఆమె ప్రశాంతంగా, "ముందు లాగ్స్ తీస్కో. రీస్టార్ట్ చేస్తే ఎవిడెన్స్ పోతది" అంది. లాగ్స్ అంటే పెట్టె తన పనుల గురించి రాసుకునే చిట్టా. పద్ధతి ప్రకారం ఆమె చెప్పింది సబబే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "మా వదిన అవతల ఉన్నది. లైటు పచ్చగున్నది. లాగ్స్ ఏంది?" అని అరిచాను. ఉద్యోగంలో నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆమె, "జల్దీ పో. అక్కడికి పోయినంక ఫోన్ చెయ్యి" అంది.

లాప్‌టాప్‌నూ పెట్టెకు తగిలించే కేబుల్‌నూ యూరియా సంచిలో చుట్టి బండి మీద బయల్దేరాను. చప్టాకు పద్నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా ఒకటే లెక్క వేశాను. ఎనిమిదికి బయల్దేరితే ఎనిమిదిన్నరకు చప్టా దాటి ఉంటారు, అప్పటికి వాగు చిన్నదే. గుంపు చేరేసరికి తొమ్మిదిన్నర. ఆమెను ఒప్పించి, అత్తను ఒప్పించి, మూట కట్టించి బయల్దేరేసరికి పదిన్నర. తిరిగి చప్టా దగ్గరికి పదకొండున్నర. నేను చేరేది పదకొండూ పది. మంచిదే, సరిపోతుంది. మరి అత్త వెంటనే ఒప్పుకుంటే? మూట ముందే కట్టి పెట్టుకుని ఉంటే? లెక్క మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఆకాశం తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. పత్తి చేలల్లో కలుపు తీసేవాళ్ళు తలెత్తి నన్ను చూశారు.

వాగు కనబడకముందే వినబడింది. మలుపు తిరిగి చూస్తే చప్టా లేదు. ఎర్రటి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు ఉన్నాయి. చప్టా పక్క దిమ్మె మీద గీసిన కొలత గీతల్లో ఒకటీ నలభై దాకా మునిగాయి. స్తంభం మీద లైటు మాత్రం చక్కగా, నిర్మలంగా, పచ్చగా వెలుగుతోంది.

ఇవతల ఒడ్డున పశువుల కాపరులిద్దరు గొడుగు కింద కూర్చుని ఉన్నారు. ఆటో ఏమైనా వచ్చిందా అని అడిగాను. ఒకాయన, "ఇందాక అవతల ఒక ఆటో నీళ్లల్ల దిగినట్టు కనవడ్డది. మేం గప్పుడే వస్తున్నం" అన్నాడు. "దిగి?" అన్నాను. "ఏమో సారూ. మేం వచ్చి చూసేటాలకు లేదు. వెనక్కి పోయిందేమో." పోయిందేమో అన్నాడు. రెండో ఆయన కిందివైపు, నీళ్ళు పోయే దిక్కు చూశాడు. అతను అలా చూడకపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అవతలి రోడ్డు టేకు చెట్ల చాటున పడి కనబడదు. అరిచాను. వాగు హోరులో నా అరుపు నాకే వినబడలేదు. ఒడ్డు వెంబడి కిందికి ఒక ఫర్లాంగు పరుగెత్తి చూశాను. కొమ్మలు, ఒక ప్లాస్టిక్ బిందె, నురగ. ఆటో లేదు. లేకపోవడం మంచికో చెడుకో తెలియదు. వెనక్కి వచ్చి, తాళంచెవి తిప్పడం చేతకాక రాయితో పెట్టె మూత పగలగొట్టి, లైటుకు పోయే తీగ పీకేశాను. పచ్చ ఆరిపోయింది. ఆ రోజు నేను చేసిన మొదటి మంచి పని అదే.

తర్వాత చేయడానికేమీ లేదు. వాగు దాటి పోలేను. వెళ్ళి వెతికే దారి ఇంకోటి లేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. అందుకే లాప్‌టాప్ తీసి పెట్టెకు తగిలించాను. పని మీద భక్తితో కాదు, చేతులకు ఏదో ఒక పని కావాలి. కాపరులు తమ గొడుగు తెచ్చి నా మీద పట్టారు.

బోర్డును రీస్టార్ట్ చేయగానే ఒకటీ ముప్పై ఎనిమిది చూపించింది. సరిగ్గా ఉంది. అమ్మయ్య అనుకునేలోపే అంకె అక్కడే బిగుసుకుపోయింది. దిమ్మె మీద నీళ్ళు ఒకటీ నలభై అయిదుకు చేరాయి, తెర మీద ఇంకా ముప్పై ఎనిమిదే. సెన్సర్ ఏం చెబుతోందో నేరుగా అడిగి చూశాను. అది నలభై అయిదే చెబుతోంది. అంటే సెన్సర్ నిజం చెబుతోంది, మెమరీలో నిజమే రాస్తోంది. నా డ్రైవర్ ఒక్కటే అక్కడికి వెళ్ళి చూడకుండా పాత నకలు చదువుతోంది. పాత కోడ్‌నూ నా కోడ్‌నూ పక్కపక్కన పెట్టుకున్నాను. తీసేసిన ఆ ఒక్క లైను ఎర్రగా కనబడింది. బల్ల మీద ఈ జబ్బు ఎందుకు బయటపడలేదో కూడా అప్పుడే అర్థమైంది. అక్కడ ఒకేసారి పది పరీక్షలు నడిపాను. ఆ రద్దీలో ప్రాసెసర్ నకళ్ళను ఎప్పటికప్పుడు పారేసి కొత్తవి తెచ్చుకుంది. ఇక్కడ మొదటి మూడు రోజులూ కొత్త సిస్టం సర్దుకునే పనులు ఏవో నడిచాయి. అవి అయిపోయాక ఆ బోర్డుకు వాగు తప్ప వేరే పనిలేదు. అందుకని ఒక్క నకలునే పట్టుకుని కూర్చుంది. ఎక్కువ పరీక్షలు పెట్టడం జాగ్రత్త అనుకున్నాను. నా జాగ్రత్తే నా కళ్ళు కప్పింది.

ఆ లైను తిరిగి రాశాను. పక్కన, ఇది తీస్తే మనిషి చస్తాడు అని వివరణ రాసి, చెరిపి, మర్యాదగా ఇంకోలా రాశాను. డ్రైవర్‌ను తయారుచేసి బోర్డులో ఎక్కించాను. నలభై ఏడు. నలభై ఆరు. నలభై ఎనిమిది. అంకె నీళ్ళతో పాటు ఊగడం మొదలుపెట్టింది. ఇంకే రోజైనా అయితే ఎగిరి గంతేసేవాణ్ణి. అప్పుడు మాత్రం, ఇది సోమవారం చేయవలసిన పని కదా అని ఒక్కటే మాట తలలో తిరిగింది. తీగ కలిపాను. లైటు ఎర్రగా వెలిగింది.

ఎర్రలైటు వెలిగిన కాసేపటికి అవతల చెట్ల మధ్య నుంచి ఒక మనిషి వచ్చింది. తెల్లకోటు, తలమీద ప్లాస్టిక్ కవరు. వదిన. నేను ఏడ్చాను. కాపరుల ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె నావైపు చేతులు ఊపి ఏదో అరిచింది. వినబడలేదు. చేత్తో కడుపు చూపించి, బొటనవేలు పైకెత్తింది. కడుపుతో ఉన్నామె బాగానే ఉందని. తర్వాత లైటు వైపు వేలు చూపి, ఏంది ఇది అన్నట్టు అరచేయి తిప్పింది. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. ఆగమని.

గుట్టల మీంచి వచ్చిన వరద ఎంత జల్దీ వస్తుందో అంత జల్దీ పోతుంది. నాలుగున్నరకు చప్టా బయటపడింది. లైటు తనంతట తానే పచ్చకు మారింది. దాన్ని నేను నమ్మలేదు. ప్యాంటు మడిచి నడిచి అవతలిదాకా వెళ్ళి, నీళ్ళు పిక్కల దాకానే ఉన్నాయని చూసుకుని, అప్పుడు ఆటోను రమ్మన్నాను. లోపల కడుపుతో ఉన్నామె ఒక మూలకు ఒదిగి కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆమె అత్త ఒడిలో మూట పెట్టుకుని వాళ్ళ భాషలో నన్నేదో అడిగింది. నాకు రాదు. వదిన జవాబు చెప్పింది.

వాళ్ళను పెద్ద దవాఖానాలో చేర్పించి, నా బండి వెనక కూర్చుని ఇంటికి వస్తూ వదిన అసలు సంగతి చెప్పింది. "పదకొండు గొట్టకముందే వచ్చినం. లైటు పచ్చగున్నది, నీళ్లు చప్టా మీదికి ఎక్కినయ్. ఆటో ఆయన దిగనంటే దిగనన్నడు. నేనే తిట్టిన. లైటు పచ్చగుంటే నీకేం పుట్టింది, పిరికోడా అన్న. దిగిండు. నాలుగు గజాలు పోంగనే ఇంజన్ల నీళ్లు పోయి ఆగిపోయింది. నేను, అత్త దిగి వెనక్కి నూకినం. నీళ్లు తొడల దాంక వచ్చినయ్. సాయంత్రం దాంక ఆరవెడితే గాని ఇంజన్ మళ్ల పలుకలే." ఇదంతా పెళ్ళిలో జరిగిన తమాషా లాగా చెప్పింది. నేను బండి రోడ్డు పక్కన ఆపి, చైను చూసుకుంటున్నట్టు కిందికి వంగి కూర్చున్నాను. "మిషన్ వానకు పాడైనట్టున్నది గదా" అని వెనక నుంచి తనే అంది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు.

రాత్రికల్లా అది కంపెనీ మాట కూడా అయింది. భారీ వర్షం వల్ల పరికరంలో తాత్కాలిక అంతరాయం అని పంచాయతీకి పంపే ఉత్తరం నాకు ముందుగా చూపించారు. లీడ్ విడిగా ఫోన్ చేసి, "ఇది నాకు నచ్చలే. పైనోళ్లు రాసిన్రు. నువ్వేమంటవ్?" అని అడిగింది. నేనేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ లెక్కన మిగతా సగం కూడా నాదే.

నాలుగో రోజు కడుపుతో ఉన్న ఆ పిల్ల పెద్ద దవాఖానాలో ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమం. వదిన సంతోషంగా పాలకోవా తెచ్చింది. పక్కింటివాళ్ళు వాగు సంగతి ఎత్తితే, "మా మరిది తప్పేం లేదు. వానకు ఏ మిషనైనా ఆగుతది. పాపం గంటసేపట్ల వాగొడ్డున కూసొని బాగుచేసిండు" అని నా తరఫున వాదించింది. ఆ మాట పూర్తయ్యేలోపే నోట్లో కోవా నాకు మట్టిలా అయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే తిన్నగా తినేవాణ్ణి.

మర్నాడు పొద్దున ఆమె టీకాల డబ్బా సర్దుకుంటుంటే పక్కన నిలబడి చెప్పేశాను. "వానకు కాదు వదినా. నేనే. సోమవారం నేనొకటి మార్చిన. ఒక లైను తీసేసిన. దానివల్ల అది పాత నీళ్లే చూపించింది. వాన లేకున్నా గట్లనే చూపించేది."

ఆమె ఐస్ ప్యాకులు పేర్చడం ఆపలేదు. మూత పెట్టి, క్లిప్పు నొక్కి, అప్పుడు నావైపు చూసింది. కోపంగా లేదు. అంతకంటే పాడుగా, ఏదో పాత సంగతిని మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నట్టు ఉంది. "అంటే ఆటో ఆయన నిలవడ్డదే కరెక్ట్" అంది.

"అవ్."

"నేను ఆయన్ని పిరికోడన్న. ఆ అత్త ముంగట. కడుపుతోటి ఉన్న పిల్ల ముంగట." డబ్బా భుజానికి తగిలించుకుంది. "నాకు చెప్పినవ్ సరే. ఆయనకు చెప్పు. నేను గూడ పోయి చెప్త, గాని ముందు నువ్వు పో."

ఆటో ఆయన వాళ్ళ ఇంటి ముందు ఇంజను విప్పి, బురద కడుగుతున్నాడు. నలభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. నన్ను చూసి లేచి, పీట తెమ్మని ఇంట్లోకి చెప్పబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను. వదినకు చెప్పినంత కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. లైను, మెమరీ, నకలు అని ఏదేదో వాగి, చివరికి, "తప్పు నాది. లైటు అబద్ధం చెప్పింది. నువ్వు ఆగిందే సరైనది. వదిన అన్న మాటకు నన్ను తిట్టు" అన్నాను.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "సిస్టరమ్మ అన్నదానికి ఏం లేదన్నా. ఆమె మస్తుసార్లు తిడ్తది. మా ఇంట్ల ఇద్దరు పిల్లలకు సూదులేసింది ఆమెనే, ఆమె తిట్టకుంటే ఎవరు తిడ్తరు?" అని కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. "నా రంది వేరే. నీళ్ల సప్పుడు మారింది ఆ పొద్దు. కింద రాళ్లు దొర్లే సప్పుడు నాకు మంచిగ వినవడ్డది. మా నాయిన చిన్నప్పుడే చెప్పిండు, రాళ్లు మాట్లాడితే దిగొద్దని. అది ఎరికుండి దిగిన."

"మా వదిన తిట్టిందని..."

"కాదు. లైటు చూసి." ఆయన విప్పిన ఇంజను వైపు చూస్తూ చెప్పాడు. "సదువుకున్నోళ్లు చేసింది, పైసలు పెట్టి పెట్టింది. నా చెవి కంటే దానికే ఎక్కువ ఎరికుంటదనుకున్న. ఇంజన్ ఆగినప్పుడు, ఎనుక ఆ పిల్ల నా అంగి పట్టుకున్నది. గట్టిగ పట్టుకున్నది, ఏం మాట్లాడలే. ఇంజన్ ఆగకపోయి ఉంటే నేను దాటిస్తుంటినన్నా. నడుమదాంక తీస్కపోతుంటి."

ఆయన కోపంగా చెప్పి ఉంటే తట్టుకునేవాణ్ణి. డ్రైవర్‌లో లైను తిరిగి రాయడానికి అరగంట పట్టింది. ఈ మనిషి చెవిలో తీసేసినదాన్ని తిరిగి ఎలా పెట్టాలో నాకు తెలియదు.

"ఇగ నుంచి లైటు ఏదున్నా, నా చెవికి నచ్చితేనే దిగుత. నువ్వేం అనుకోకు" అన్నాడు.

ఏమీ అనుకోనని చెప్పాను. కంపెనీ ఉత్తరం పంచాయతీకి ఇంకా పోలేదు. ఇంటికి వెళ్ళి, అందులో వర్షం అన్న మాట కొట్టేసి, తప్పు మాదేనని రాసి, లైటు పచ్చగా ఉన్నా నీళ్ళు చూసుకునే దాటాలని కూడా రాసి లీడ్‌కి పంపాను.